ముల్లు ఎత్తేసిన చోటు

మా వంటింట్లో గిన్నెలు ఆరబెట్టుకునే స్టాండులో ఆదివారం పూట గిన్నెలు ఉండేవి కావు, పాత గ్రామఫోన్ రికార్డులు ఉండేవి. జుమ్మేరాత్ బజారు దుమ్ము, బోరబండ పాతసామాన్ల దుకాణంలో బూజు, ఎవరింటి అటక మీదో పట్టిన ఎలుకల కంపు అన్నీ కలిసి మా ఫిల్మ్‌నగర్ ఫ్లాటుకి వచ్చేవి. బకెట్ నీళ్ళలో చుక్క షాంపూ వేసి, మధ్యలో లేబులు తడవకుండా, పాత బనీను గుడ్డతో గాడి వెంట తుడిచి నిలబెట్టేవాణ్ణి. "మీ నల్లప్పడాలు ఆరితే చెప్పండి, నా కంచాలు పెట్టుకుంటాను" అనేది మా ఆవిడ. మొదట్లో నవ్వుతూ అనేది, ఆ తర్వాత నవ్వు మానేసి అదే మాట అనేది.

నేను బేస్ గిటార్ వాయించేవాణ్ణి. పాటలో మీరు వినేది గొంతుని, వయొలిన్లని. కింద నుంచి మోసేవాళ్ళం మేము. మేము వాయిస్తున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆపేస్తే మాత్రం పాటలో ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది. మద్రాసులో మొదలుపెట్టాను. పరిశ్రమ హైదరాబాదుకి వచ్చేస్తే దాని వెనకే మూటాముల్లె సర్దుకుని వచ్చాను. వచ్చిన కొన్నాళ్ళకే కీబోర్డులో ఒక మీట నొక్కితే బేస్ వచ్చే కాలం వచ్చింది. అప్పటి నుంచి ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ మీట కనిపెట్టినవాణ్ణి నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మా పనిలో రిఫరెన్స్ అని ఒకటి ఉంటుంది. దర్శకుడు ఏదో విదేశీ పాట తెచ్చి "ఇలాంటిది కావాలి" అంటాడు. సంగీత దర్శకుడు దాన్ని మాకు వినిపిస్తాడు, మేము అలాంటిది వాయిస్తాం. ఆ తర్వాత ఆ విదేశీ పాట సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఇది ఎవరూ రాయని కట్టుబాటు. ట్యూన్ ఎక్కడ పుట్టిందో బయట చెప్పినవాడికి మరుసటి రోజు పిలుపు ఉండదు. పిలుపు కోసమే కాదు, అది మర్యాద కూడా. ఒకరి ఇంట్లో భోంచేసి వచ్చి వాళ్ళ వంటింటి సంగతులు వీధిలో చెప్పుకోం కదా.

మద్రాసులో ఒక పొద్దున మా సంగీత దర్శకుడు నాకు అలాంటి రికార్డు ఒకటి వినిపించాడు. నాకప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. విలన్ స్థావరంలో డాన్సు పాట, దానికి అమెరికా నల్లవాళ్ళ ఊపు, ఫంక్ అంటారే, అది కావాలన్నాడు. పోటీ సంగీత దర్శకులు చూసి ఎక్కడ పట్టుకుపోతారోనని లేబులు మీద తెల్లటి ప్లాస్టర్ అతికించి ఉంచాడు. అట్ట కూడా చూపించలేదు. ముల్లు పెట్టాడు.

అంతకుముందు నేను విన్న బేస్ అంతా డ్రమ్ముల వెనక నక్కి నడిచేది. ఈ రికార్డులో బేస్ వాయించినవాడు మొదటి దెబ్బ మీద కాళ్ళు పాతుకుని నిలబడ్డాడు. వెంటనే ఊపిరి బిగబట్టినట్టు ఒక ఖాళీ వదిలాడు. ఆ ఖాళీ చివర్లోంచి మూడు స్వరాలు పైకి ఎక్కి కిందికి దూకాడు. అలా మూడు ఆవర్తాలు తిరిగింది. నాలుగోసారి ఎక్కాడు గాని దూకలేదు. ఇంకెక్కడికో వెళ్ళబోయాడు. నేను కుర్చీలో ముందుకి వంగాను. సరిగ్గా అక్కడ మా సంగీత దర్శకుడు ముల్లు ఎత్తేశాడు.

"చాలు. మనకి కావలసింది ఇంతే" అన్నాడు. "తర్వాత ఏముందండీ?" అని అడిగాను. "తర్వాతది మన పాటలో లేదు" అని రికార్డు సంచీలో పెట్టేశాడు.

మా పాట హిట్టయింది. చెప్పుకోకూడదు గాని, ఆ బేస్ వల్లే అయింది. ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండువాళ్ళు ట్రంపెట్ మీద వాయిస్తారు. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బు ముందు నుంచి నడిచి వెళ్తుంటే గోడలోంచి అదే వినబడింది, దాని మీద ఎవరో కొత్త డ్రమ్ములు అతికించారు. "ఆ బేస్ లైన్ మీదే కదండీ" అని ఎవరు అడిగినా నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. కాదనలేదు. కాదంటే పోయిన మనిషిని దొంగ అన్నట్టవుతుంది, అప్పటికే మా సంగీత దర్శకుడు పోయాడు. అవునని కూడా అనలేదు.

నాకు కావలసింది ఒక్కటే. ముల్లు ఎత్తేసిన తర్వాత అతను ఎక్కడికి వెళ్ళాడు? ఆ పాట పేరు తెలియదు, పాడిందెవరో తెలియదు. పాడింది ఆడగొంతు అనీ, మొదట్లో ఎవరో నవ్వారనీ మాత్రం గుర్తు. ఫోన్లో ఇప్పుడు పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ వచ్చింది. దానికి మా పాట వినిపిస్తే మా సినిమా పేరే చెబుతుంది, వెధవ యాప్.

అందుకే, ఆ యాప్ రావడానికి చాలా ముందే, వెతకడం మొదలుపెట్టాను. వెతకడానికి వెళ్ళినవాణ్ణి అక్కడే ఇరుక్కుపోయాను. ఫంక్ అంటే ఏమిటో, డిస్కో అంటే ఏమిటో అప్పటిదాకా నాకు సరిగా తెలియదు, తెలిసినట్టు వాయించేవాణ్ణి అంతే. ఒక్కో రికార్డూ కడిగి వింటుంటే తెలిసింది. సోల్ అని ఆ నల్లవాళ్ళ పాటలే ఇంకో రకం, అవి పాడేవాళ్ళు సగంమంది చర్చిలో పాడి పెరిగినవాళ్ళు. దేవుణ్ణి పిలిచిన గొంతుతోనే వదిలేసిపోయిన మొగుణ్ణి పిలుస్తారు. మా అమ్మ భజనలో పాడిన గొంతుతోనే మమ్మల్ని తిట్టేది, అందుకని నాకది కొత్తగా అనిపించలేదు. కొన్ని వింటే ఏడుపొచ్చేది. ముసలాడు వంటింట్లో రికార్డు ముందు కూర్చుని ముక్కు చీదుకుంటుంటే మా ఆవిడ పక్కన కాఫీ పెట్టి వెళ్ళిపోయేది.

నాకు తోడు దొరికినవాడు ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. నాకంటే చాలా చిన్నవాడు, బోరబండలో పుట్టి పెరిగినవాడు. జూబ్లీహిల్స్‌లో పాత బంగళా కూలగొడుతున్నారంటే ఇతనికి ముందు తెలిసేది. ఒకప్పుడు ఫారిన్ తిరిగొచ్చిన పెద్దమనుషులు కట్టుకున్న ఇళ్ళవి. ఆ పెద్దమనిషి పోతాడు, పిల్లలు బిల్డరుకి ఇచ్చేస్తారు. తలుపులు, కిటికీలు, స్నానాల తొట్టితో పాటు రికార్డులు కూడా పాతసామాన్లవాళ్ళ ట్రాలీ ఎక్కుతాయి. ఆ ట్రాలీని షేక్‌పేట దారిలో ఆపి, మీద కూర్చున్నవాణ్ణి బతిమాలి, కట్ట కట్టగా దింపించుకుని వచ్చేవాడు. ఎవడో ఒకడు చస్తేగాని మాకు పాట దొరికేది కాదు. ఆ మాట ఒకసారి పైకి అన్నాను. అతను లెంపలేసుకుని "అట్లనకుర్రి సార్" అన్నాడు.

ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చేవాడు. నేను కడిగితే అతను ముల్లు పెట్టేవాడు. ఇద్దరం మాట్లాడకుండా వినేవాళ్ళం. "మీకేం కావాలె సార్, జర చెప్తే గదే తెస్త కదా" అని చాలాసార్లు అడిగాడు. "ఆ కాలంవి ఏవైనా పర్లేదు" అనేవాణ్ణి. అసలు విషయం అతనికి చెప్పలేదు. నోరు కట్టేసుకోవడం అలవాటైపోయింది నాకు, ఎవరి కోసం కట్టుకున్నానో వాళ్ళు లేకపోయినా.

ఈ మధ్య వానాకాలంలో ఫిల్మ్‌నగర్‌లో పాత వాద్యకారులకి సన్మానం చేశారు. నాకూ శాలువా కప్పారు. యాంకరు పిల్ల మైకులో "ఇండియాకి ఫంక్ నేర్పిన వేళ్ళు" అంది. స్పీకర్లలో నా లైన్ వేశారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ముందు వరసలో మా ఇంజనీరు కూడా లేచి కొట్టాడు, కాని మొహంలో ఏదో ఇబ్బంది. ఉక్కపోతో, ఆకలో అనుకున్నాను. నాకా శాలువా గుచ్చుకుంటోంది. ఎవడో నల్లవాడు, బతికున్నాడో లేడో, వాడి భుజాల మీద ఉండాల్సింది నా భుజాల మీదుంది. ఇంటికొచ్చి బీరువాలో పడేశాను.

ఎడమ చెవి నాకు ఎప్పుడో పోయింది. డ్రమ్ముల పక్కన నిలబడి బతికినవాళ్ళకి అది మామూలే. దసరా వెళ్ళాక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గిన పొద్దున మా ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కుడిచెవి కూడా పోయింది. బంజారాహిల్స్‌లో డాక్టరు మందులిచ్చాడు, సూదులిచ్చాడు, చివరికి చెవి మిషన్ ఇచ్చాడు. మిషన్ పెట్టుకుంటే మాట తెలుస్తుంది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. సంగీతం తెలియదు. షడ్జమం ఏదో పంచమం ఏదో తెలియదు, అన్నీ ఒకటే గరగర. "ఇది ఇంతేనండీ" అన్నాడు డాక్టరు. ఆ రోజు నేను ఇంటికి వచ్చి చాలా ఏడ్చాను. ఇంత రాసి దాన్ని దాచుకోవడం దేనికి.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మా ఇంజనీరుతో, "ఇవన్నీ పట్టుకుపో, నాకు పనికిరావు" అన్నాను. అతను కదల్లేదు. ఇంక మర్యాదలు ఎవరి కోసం అనిపించింది. మొత్తం చెప్పేశాను. మద్రాసు సంగతి, ప్లాస్టర్ సంగతి, ఆ లైన్ నాది కాదన్న సంగతి, ఇన్నేళ్ళూ నేను వెతికింది ఆ ఒక్క రికార్డు కోసమేనని, దాని మిగతా సగం కోసమేనని.

అతను వెంటనే లేచి వెళ్ళిపోయాడు. బండి మీద బోరబండ వెళ్ళి, గంట తిరక్కుండానే సంచీతో వచ్చాడు. సంచీలోంచి ఒక రికార్డు తీసి నా ముందు పెట్టాడు.

"గదే సార్ ఇది. మొదట్ల నవ్వుతరు. ఆడామె పాడుతది. ఎండాకాలంల దొరికింది."

ఎండాకాలం. నాకు చెవి ఉన్నప్పుడు. అప్పటి నుంచి ఎన్నో ఆదివారాలు నా పక్కనే కూర్చుని వేరే రికార్డులు విన్నాడు.

"ఎందుకు దాచావు?" అని అరిచాను. నా అరుపు నాకే సరిగా వినబడలేదు.

"ఊరంతా గా లైను మీదే అంటరు. స్టేజి మీద శాలువ కప్పిన్రు. గిది ఇంకోడిదని నేనెట్ల చెప్పాలె సార్? మీ మొహం ముంగట ఎట్ల వెయ్యాలె?"

"నీ మర్యాద తగలెయ్య!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాళ్ళ అమ్మనీ నాన్ననీ కూడా అన్నాను. మా ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. అతను చేతులు కట్టుకుని తిట్లన్నీ తిన్నాడు. తిట్టి తిట్టి అలిసిపోయాను. ఎవర్ని తిడుతున్నానో కూడా అర్థం కాలేదు. అతను చేసింది నేను జీవితమంతా చేసిందే.

రికార్డు అట్ట తిప్పి చూశాను. ఏ ఊళ్ళోదో చిన్న కంపెనీ, ఎప్పుడో మూతబడి ఉంటుంది. గాయని పేరు ఉంది, రాసినవాడి పేరు ఉంది. బేస్ వాయించినవాడి పేరు లేదు. మా సినిమా రికార్డు అట్ట మీద కూడా నా పేరు లేదు.

"ఎవరిచేతనైనా స్వరాలు రాయించుకోండి, చదువుకోవచ్చు" అంది మా ఆవిడ. ఆమె మంచికే చెప్పింది. కాని ఆ ఖాళీలో అతను ఎంతసేపు ఆగాడో, ఎంత బరువుతో దిగాడో కాగితం చెప్పదు. నాకు కావలసింది అది.

"వెయ్యి" అన్నాను. అతను ముల్లు పెట్టాడు. మిషన్ తీసేసి, స్పీకరు జాలీ ఊడదీసి, లోపల అదిరే కాగితపు గరాటు మీద అరచెయ్యి ఆనించాను. అదిరింది. మొదటి దెబ్బ తెలిసింది. తర్వాత అదురు ఆగింది, ఖాళీ అయ్యుండాలి. మళ్ళీ అదిరింది. దెబ్బ తెలుస్తోంది గాని స్వరం తెలియడం లేదు. పైకి ఎక్కాడో కిందికి దూకాడో అరచేతికి ఏం తెలుస్తుంది? కింద వీధిలో సిమెంటు లారీ వెళ్ళినా మా కిటికీ ఊచ ఇలాగే అదురుతుంది. వేళ్ళతో ఆవర్తాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది దాటింది. నేను ఎప్పుడూ వినని చోటు నా చేతి కింద నుంచి వెళ్ళిపోతోంది.

మిషన్ పెట్టుకుని అడిగాను. "నాలుగోసారి తర్వాత ఏం చేస్తున్నాడు? ఎక్కడికి వెళ్తున్నాడు?"

అతను రికార్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పాట అయిపోయేదాకా ఆగాడు.

"యాడికి పోడు సార్. గదే లైను. మీరు కొట్టిందే ఆఖరి దాంక తిరుగుతది."

నేను అతని కళ్ళలోకి చూశాను. నిజమే చెబుతున్నాడేమో. ఆ రోజు మద్రాసులో నేనే తప్పు విన్నానేమో, అక్కడ ఏమీ లేకపోయినా ఏదో ఉందని జీవితమంతా వెతుక్కున్నానేమో. లేదా అక్కడ ఏదో ఉన్నా, ఇక వినలేని ఈ చెవిటి ముసలాడికి చెప్పి ఏడిపించడం దేనికని మళ్ళీ మర్యాద చేస్తున్నాడేమో. ఏది నిజమో తేల్చుకునే చెవి నాకు లేదు.

"అవును, అదే" అన్నాను, నాకు వినబడినట్టు. అతని మొహం తేలికపడింది.