ఎంగిలి బాకాలు

తొంభైల్లో నేను విజయవాడ పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ఒక ఏడు మా కరస్పాండెంట్ గారికి స్కూలుకి సొంత బ్యాండు ఉండాలన్న కోరిక పుట్టింది. పామర్రు వైపు పెళ్ళిళ్ళకు వాయించే మేళం ఒకటి మూతపడుతోందని ఎవరో చెబితే, స్వయంగా వెళ్ళి వాళ్ళ ఇత్తడి వాద్యాలన్నీ ట్రాలీ ఆటోలో వేయించుకుని వచ్చారు. అన్నీ ట్రంపెట్లు, వాటికి పెద్దన్నలా ఒక యుఫోనియం. దాన్ని పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఊదాలి.

స్టాఫ్ రూములో దించగానే గదంతా ఒక రకమైన వాసన కమ్మింది. అందులో కిళ్ళీ ఉంది, బీడీ ఉంది, చాలామంది నోళ్ళు ఉన్నాయి. తెలుగు మేడం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

కరస్పాండెంట్ గారు నా వైపు తిరిగారు. "మీరు సైన్సు మేడం కదండీ, క్రిములూ అవీ మీ సబ్జెక్టేగా. వీటి సంగతి చూడండి. ఎవరో ఊదినవి మా పిల్లలు ఊదాలా అని పేరెంట్స్ అప్పుడే మొదలుపెట్టారు."

"స్కూల్లో మధ్యాహ్నానికే నీళ్ళు అయిపోతాయండీ" అన్నాను.

"మీ ఇంట్లో బోరుందిగా" అన్నారాయన. అలా ఆ మేళం మొత్తం మా ఇంటికి చేరింది.

ఇంట్లో మా అత్తగారు ఉన్నారు. ఎంగిలి విషయంలో ఆవిడ చాలా గట్టి మనిషి. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్ళు ఎత్తిపోసుకుని తాగేవారు. స్టాంపులు నాకి అంటిస్తారని తెలిసినప్పటి నుంచీ వచ్చిన ఉత్తరాలను రెండు వేళ్ళతో అందుకునేవారు.

"ఏంటమ్మాయ్ ఇవన్నీ?" అన్నారు గుమ్మంలో నిలబడి.

"బ్యాండు వాద్యాలు అత్తయ్యా. కడగాలి."

"నోటితో ఊదేవేగా?"

"అవునండీ."

"పెరట్లో దించమను. ఇంట్లోకి మాత్రం తేవద్దు" అని ఆవిడ లోపలికి వెళ్ళి వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డారు.

శనివారం సెలవు పెట్టి పని మొదలుపెట్టాను. క్రిములు చావాలంటే వేడి కావాలని పిల్లలకు చెప్పేదాన్ని కాబట్టి, కాగులో నీళ్ళు మరగబెట్టి, డెట్టాల్ కలిపి, ట్రంపెట్లను అందులో ముంచాను. కాసేపటికి వాటి మీద పూసిన మెరుపు పూత, ఎండకి వీపు చర్మం లేచినట్టు పొరలు పొరలుగా లేచింది. వాసన పోలేదు సరికదా, పెళ్ళివారంతా ఆస్పత్రిలో చేరినట్టు ఇంకో వాసన దానికి తోడైంది.

మా అత్తగారు కిటికీలోంచి కొంతసేపు ఓర్చుకున్నారు. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు పట్టుకుని బయటికొచ్చారు.

"ఇత్తడిని అట్లాగా తోమేది? జరుగు."

"ఎంగిలివి కదా అత్తయ్యా."

"ఎట్లాగూ తలమీద నీళ్ళు పోసుకుంటాగా."

ఆవిడ తోముతుంటే బాకాలు ఒక్కొక్కటీ పెళ్ళికూతుళ్ళలా తేరుకున్నాయి. నేను చల్లనీళ్ళూ సబ్బూ పోసి, తాడుకి గుడ్డపేలిక కట్టి గొట్టాల్లోకి లాగుతూ కూర్చున్నాను. యుఫోనియం బోర్లించి తడితే అందులోంచి గులాబి రేకులు, చమ్కీలు, పసుపు తలంబ్రాలు, ఒక బీడీ ముక్క పడ్డాయి. అత్తగారు పుల్లతో కదిపి చూశారు.

"జీడిపప్పు కూడా ఉందే. బాగా ఉన్నవాళ్ళ పెళ్ళి" అన్నారు.

సాయంత్రానికి అన్నీ తళతళలాడాయి. చిక్కు అప్పుడొచ్చింది. ట్రంపెట్ మీద వేళ్ళతో నొక్కే మీటలు మూడుంటాయి. వాటిని కడగడానికి ఊడదీసి అన్నిటివీ ఒకే బేసిన్‌లో వేశాను. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నాయని, చేతికొచ్చినవి చేతికొచ్చినట్టు బిగించేశాను. మావారు ఆఫీసు నుంచి రాగానే ఒకటి ఇచ్చి ఊదమన్నాను. ఆయన బుగ్గలు పొంగాయి, చెవులు ఎర్రబడ్డాయి, లోపలికి గాలి మాత్రం పోలేదు.

"వీడు చిన్నప్పుడు తిరణాల్లో కొన్న బూర కూడా ఊదలేకపోయేవాడు" అన్నారు అత్తగారు.

మర్నాడు బ్యాండు మాస్టారు వచ్చారు. పిల్లలకు నేర్పడానికి గవర్నర్‌పేట నుంచి ఒక సాయిబు గారిని కుదిర్చారు కరస్పాండెంట్ గారు. ఆయనది తండ్రి కాలం నుంచీ మేళం నడుపుతున్న కుటుంబం. పెరట్లో కుర్చీ వేస్తే కూర్చుని, ఒక ట్రంపెట్ తీసుకుని వాసన చూశారు.

"ఏం పోశారు మేడం?"

"డెట్టాల్ అండీ."

"పైనేనా?"

"లోపల కూడా."

ఆయన ఎవరో పోయారన్న కబురు విన్నట్టు ట్రంపెట్‌ని ఒళ్ళో పడుకోబెట్టారు. "మా నాన్నగారు ఉన్నన్నాళ్ళూ లోపల నీళ్ళు పొయ్యనివ్వలేదండి. పోస్తే గొంతు మారిపోద్ది అనేవాళ్ళు."

"మరి లోపల శుభ్రం ఎట్లా చేస్తారయ్యా?" అన్నారు అత్తగారు.

"ఊదితే అదే పోద్దమ్మా."

మా అత్తగారు మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు.

మాస్టారు మీటలన్నీ ఊడదీశారు. ఒక్కోదాని మీద గోటితో గీసినంత సన్నగా అంకె ఉంది. వరస ప్రకారం వేసి, నూనె చుక్క పెట్టి బిగించారు. ఊదబోయే ముందు జేబులోంచి మడతపెట్టిన చేతిరుమాలు తీసి, అందులో ఉన్న, పెదవులకు ఆనించే ఇత్తడి గరాటులాంటి మూతిని ట్రంపెట్‌కి తొడిగారు.

"దానికొకటి ఉందిగా మేష్టారూ?" అన్నారు అత్తగారు.

"అది ఎవరి ఎంగిలో కదమ్మా. మా తమ్ముడిదైనా సరే, నేను పెట్టుకోను."

చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడు కనపడ్డట్టు చూశారావిడ. "విన్నావా అమ్మాయ్" అని నాతో అని, లేచి తనే లోపలికి వెళ్ళి ఆయనకి కాఫీ కలుపుకొచ్చారు. ఆయన గ్లాసు ఎత్తి గొంతులో పోసుకున్నారు.

కాఫీ అయ్యాక ఆయన ఊదారు. వీధిలో రిక్షా ఆగిపోయింది. ట్రంపెట్ దించి దాని గొట్టంలోకి చూశారు.

"గొంతు మారిందా అండీ?" అన్నాను.

మళ్ళీ ఊది చూసి, "మారింది మేడం" అన్నారు. "కొంచెం బాగానే మారింది."

ఆ వారమే పేరెంట్స్ మీటింగు. వాద్యాలను తెల్లదుప్పటి మీద పేర్చాం. తను తోమిన ఇత్తడి నలుగురిలో ఎలా ఉందో చూడాలని మా అత్తగారు కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. అసలు ఈ ఎంగిలి గొడవ లేవదీసింది ఒక పళ్ళ డాక్టరు గారు. ఆయన ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. మా కరస్పాండెంట్ గారు నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళి, "చూడండి డాక్టరు గారూ, లోపల ధూళి కూడా లేదు" అంటూ యుఫోనియం ఎత్తి తలకిందులు చేశారు.

మేం కడిగినప్పుడు ఏ వంపులో ఇరుక్కుని ఉన్నాయో, నీళ్ళకి నాని, మళ్ళీ ఎండి వదులైన తలంబ్రాలు గుప్పెడు జలజలా రాలి డాక్టరు గారి బట్టతల మీద పడ్డాయి.

నాకైతే ఏ బల్ల కిందికైనా దూరాలనిపించింది. పక్కనున్న బ్యాండు మాస్టారు మాత్రం శాంతంగా, "అక్షింతలండి. మంచిదే" అన్నారు.

ముందు నవ్వింది డాక్టరు గారి భార్య. తర్వాత అందరూ. ఆయన కూడా తల దులుపుకుంటూ నవ్వక తప్పలేదు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, "సరేనండీ, మూతులైనా ఎవరివి వాళ్ళకి విడిగా ఇస్తారా?" అని అడిగారు.

కరస్పాండెంట్ గారు నసుగుతుండగా వెనక వరసలోంచి మా అత్తగారు లేచారు. "ఇస్తారండీ. ఇవ్వకపోతే నేను ఒప్పుకోను" అన్నారు. ఈవిడెవరో కరస్పాండెంట్ గారికి తెలియదు. ఎవరి తాలూకు పెద్దావిడో అనుకుని ఆయన ఒప్పేసుకున్నారు.

పంద్రాగస్టుకి మా బ్యాండు సిద్ధమైంది. మాస్టారు పిల్లలకు కవాతు పాటే నేర్పారుగానీ, ఆయన చేతిలో అది ఊరేగింపు నడకలో పడింది. పిల్లలు రెండడుగులు వేసి ఆగి, ఒళ్ళు ఊపి, మళ్ళీ రెండడుగులు వేశారు. సెల్యూట్ చేస్తూ నిలబడ్డ కరస్పాండెంట్ గారు చెయ్యి ఎప్పుడు దించాలో తెలియక అలాగే ఉండిపోయారు. పళ్ళ డాక్టరు గారు తన కొడుకు ఊదుతున్నంతసేపూ కుర్చీ చేతి మీద తాళం వేశారు.

నా పక్కన కూర్చున్న మా అత్తగారిని, "ఎలా ఉందత్తయ్యా?" అని అడిగాను.

"ఆ మూడో పిల్లాడి బాకా మీద అన్నీ వేలిముద్రలే. పట్టుకోవడానికి తలా ఒక మెత్తటి గుడ్డ ఇవ్వమని మేష్టారితో చెప్పు" అన్నారు, కళ్ళు తిప్పకుండా.