కాగితం మధ్యన ఒక గీత

నా చిన్నప్పుడు కూడా నాకు నోరెక్కువే. ఇప్పుడు తగ్గిందంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోమని నేనూ అడగను. ఆ నోటికి మొదటిసారి కళ్లెం వేసింది ఒక హెడ్ కానిస్టేబుల్.

కమలాపురం దగ్గర మా ఊరు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఒక మధ్యాహ్నం నా ఎడమకాలి వెండి గొలుసు కనపడలేదు. ఆ పొద్దునే గాజులమ్మే ఆమె మా అరుగు మీద కూర్చుని నాకు గాజులు తొడిగి వెళ్లింది. ఇంకేం, ఇంటిల్లిపాదీ ఆమే తీసిందన్నారు. నన్నడిగితే, "ఆమె తీస్తాంటే నేను చూసినా" అన్నాను. అంతమంది పెద్దవాళ్లు నా మాట కోసం నోళ్లు మూసుకుని ఎదురుచూడటం అదే మొదటిసారి. ఆ రుచి అలాంటిది.

పక్క వీధిలో ఉన్న ఆమెను పిలుచుకొచ్చి గంప బోర్లించారు. సగం గాజులు పగిలాయి, గొలుసు మాత్రం లేదు. ఎక్కడో దాచిందన్నారు. ఊరికి పెద్దయిన మా తాత, మేం జేజినాయన అంటాం, స్టేషనుకు కబురు పెట్టాడు. నేను ఆ మాట మీదే నిలబడితే ఆమెను తీసుకుపోతారు. తర్వాత చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఆమెను గడప దగ్గరికి రానివ్వరు. ఎనిమిదేళ్లదాన్నయినా నాకది తెలుసు. తెలిసీ, పంతానికి పోయి, మాట మార్చలేదు.

హెడ్ కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చాడు. మంచం వేస్తే దాని మీద కూర్చోకుండా నా ఎదుట నేల మీద కూర్చున్నాడు. ఒక కాగితం తీసి మధ్యన నిలువుగా గీత గీశాడు.

"పాపా, నువ్వు కండ్లతో చూసింది ఈ పక్క రాస్తా. మనసులో అనుకునింది ఆ పక్క. చెప్పు."

గాజులు తొడిగింది, ఈ పక్క. గంప నెత్తికెత్తుకుంది, ఈ పక్క. గొలుసు తీసింది అనగానే కలం ఆపాడు.

"ఏ చేత్తో తీసింది తల్లీ?"

కుడి అన్నాను. కాదు, ఎడమ అన్నాను. ఆయన కసరలేదు, నవ్వలేదు. ఎంతసేపైనా సరే అన్నట్టు కూర్చున్నాడు. చివరికి నేనే గీతకు అవతలి పక్క వేలు పెట్టి చూపించాను.

ఆయన రాసిందంతా అందరికీ వినబడేలా చదివి, "చూసిన పక్క దొంగతనం లేదు పెద్దాయనా" అన్నాడు. అంతటితో వెళ్లిపోలేదు. పొద్దున ఎక్కడెక్కడ ఆడుకున్నానో నన్నడిగి, పెరట్లో శెనక్కట్టె వామి, అదే ఎండిన వేరుశెనగ మొక్కల కుప్ప, దగ్గరికి తీసుకెళ్లి, నాతోపాటు తనూ వెతికాడు. ఖాకీ చొక్కా నిండా ఎండుటాకు. పొద్దు వాలే వేళకు గొలుసు దొరికింది.

మా జేజినాయనకు పట్టింపు ఎక్కువేగానీ మొండివాడు కాదు. జెండా పండుగ రోజు బడిలో ఆ హెడ్ కానిస్టేబుల్‌కు సన్మానం ఏర్పాటు చేసి, ప్రొద్దుటూరు నుంచి శాలువా తెప్పించాడు. కప్పబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"నా పని నేను చేసినా పెద్దాయనా. ఆయమ్మ మీద నింద పది మందిలో ఏసినారు. మర్యాద గూడా పది మందిలోనే జెయ్యల్ల."

జేజినాయన జనం వెనక నిలబడ్డ గాజులామెను ముందుకు పిలిచి, తన చేతులతో శాలువా కప్పాడు. హెడ్ కానిస్టేబుల్ వట్టి భుజాలతో సైకిలెక్కి పోయాడు. మరుసటి వారం ఆమె కొత్త గాజులతో మా అరుగెక్కి, నా చేయి పట్టుకుని, "ఈ తూరి బాగా చూసుకో పాపా, ఏ చేత్తో తొడుగుతాండానో" అంది. ఇల్లంతా నవ్వింది, నేను తప్ప.

మొన్న కమలాపురంలో పోలీసులకు సన్మానం జరిగింది. వేదికెక్కినవాళ్లంతా వాళ్లను పులులన్నారు, సింహాలన్నారు. అడవిలో కూర్చున్నామేమో అనిపించింది. నా వంతు వచ్చినప్పుడు నేను ఒక మహిళా కానిస్టేబుల్ గురించి చెప్పాను. ఎండలు మండే రోజున బస్టాండులో తప్పిపోయిన ముసలామెను ఆ అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని, తన క్యారియర్‌లోని అన్నం కలిపి పెట్టి, కొడుకు వచ్చేదాకా లేవలేదు. నేను ఎదుటి బెంచీ మీద నుంచి చూశాను. అంతే చెప్పి దిగాను.

"ఏమక్కా, నువ్వు గంటసేపు మాట్లాడతావనుకుంటిమే. ఇంగ రెండు గొప్పలు చెప్పింటే ఏం పోతాండె?" అని సభ పెట్టినాయన నిష్ఠూరమాడాడు.

"నేను చూసింది అంతేనప్పా" అన్నాను.

శాలువా వద్దని వెళ్లిపోయిన ఆ మనిషికి నేను చేయగలిగిన సన్మానం అదే. ఇప్పటికీ ఎవరి మీదైనా నోరెత్తబోయే ముందు మనసులో ఒక కాగితం తీసి మధ్యన గీత గీసుకుంటాను. పోట్లాటలేమీ తగ్గలేదు. తర్వాత తల దించుకోవలసి రావడం మాత్రం తగ్గింది.