అడ్డం నిలబడ్డ రోబో

తొండి అంటే ఏమిటో నాకు జగ్గయ్యపేటలో మా బడి గ్రౌండే నేర్పింది. కబడ్డీలో కూత మధ్యలో ఊపిరి తీసుకుని, తీసుకోలేదని బుకాయిస్తే తొండి. గీత తొక్కి, తొక్కలేదంటే తొండి. అంతేగాని కూతకొచ్చిన పిల్ల కాలు దొరకబుచ్చుకుని కదలకుండా పట్టేస్తే దాన్నెవరూ తొండి అనలేదు. చప్పట్లు కొట్టారు. నేను పట్టడంలోనే పేరు తెచ్చుకున్నదాన్ని, కూతకి వెళ్లడం నాకు చేతనయ్యేది కాదు. బడి పిల్లలకి ఉన్న ఈ మాత్రం జ్ఞానం మా ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే సారుకి లేకపోయింది. ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నందిగామ అవతల హైవే పక్కన, పత్తి చేల మధ్య కొత్తగా లేచిన కాలేజీ మాది. ఆ ఏడాది కాలేజీ పండగలో రోబో ఫుట్‌బాల్ పెట్టారు. రోబో అంటే ఏదో ఊహించుకోకండి. ఒక ప్లైవుడ్ ముక్క, కింద మోటార్లు, చక్రాలు, వెనక తోకలా పొడుగాటి వైరు. ఆ వైరు చివర సబ్బుపెట్టెలో బిగించిన స్విచ్చులు. అవి నొక్కుతూ దాన్ని నడపాలి. సెమినార్ హాల్లో నేలమీద చెక్కపట్టీలతో మైదానం కట్టారు. రెండు కొసల్లో గోల్ సందులు, మధ్యలో ప్లాస్టిక్ బంతి. గెలిచిన జట్టుని కాలేజీవాళ్లే హైదరాబాద్ పోటీకి తీసుకెళ్తామన్నారు.

నా జోడీ వత్సవాయి నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ల నాన్న ట్రాక్టర్ తోలేవాడు. రోబోని మొదటినుంచి చివరిదాకా తయారుచేసింది తనే, నా పని నడపడం. కాలేజీవాళ్లు తీసుకెళ్తే సరే, లేకపోతే హైదరాబాద్ మాటే ఎత్తొద్దని వాళ్లింట్లో తేల్చేశారు. మాది చివరి సంవత్సరం. తనకి ఇంకో అవకాశం లేదు.

"అక్కడికి వైరు లేకుండా నడిచేవి కూడా వస్తాయంటనే. ఒక్కదాన్ని తిరగేసి కింద ఎట్టా చేశారో చూస్తే చాలు నాకు" అనేది బస్సులో.

ఆ ఒక్కటి చూడ్డానికే అంత కష్టపడింది. మా మోటార్లు బలహీనమైనవి. మెకానికల్ బ్రాంచి కుర్రాళ్ల రోబోకి లారీ వైపర్ మోటార్లు, ఇనప చట్రం. మనవల్ల దాన్ని నెట్టడం కాదు, అది మనల్ని నెట్టకుండా చూసుకుంటే చాలని తను ముందే లెక్కగట్టింది. పాత ట్రాక్టర్ ట్యూబు కోసి చక్రాలకి తొడిగింది, నేలమీద పట్టు దొరుకుతుందని. మా నాన్న కిరాణా కొట్లో ఖాళీ నూనె డబ్బా రేకు కత్తిరించి ముందువైపు ఏటవాలుగా, నేలకి ఆనేట్టు బిగించింది. అవతలి రోబో నెట్టడానికి వస్తే దాని ముందు చక్రాలు ఆ రేకు మీదికెక్కి గాల్లో తిరుగుతాయి. ఇంకేం నెడుతుంది? మా ఆట అంతా అదే. మొదట్లోనే ఎలాగోలా ఒక గోల్ వేసెయ్యాలి, తర్వాత వెనక్కొచ్చి మా గోల్‌కి అడ్డంగా నిలబడాలి.

ఇంకో చిక్కు వైరు. ఆడుతున్నంతసేపూ జట్టులో ఒకరు మైదానం చుట్టూ తిరుగుతూ వైరుని పైకెత్తి పట్టుకోవాలి, కిందపడితే చక్రాలకి చుట్టుకుంటుంది. మెకానికల్ వాళ్ల దగ్గర తాటిచెట్టంత కుర్రాడు ఉన్నాడు. చెయ్యెత్తితే చాలు. నా స్నేహితురాలు పొట్టి. అందుకని ఇంట్లో బూజు కర్ర తెచ్చి, దాని కొసకి వైరు తగిలించి పట్టుకు తిరిగేది. హాలంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, మా వైరు ఒక్కసారి కూడా నేలకి తగల్లేదు.

పొద్దున ఆడిన ఆటలన్నీ గెలిచాం. నవ్వులు ఆగిపోయాయి, "తొండి" అని అరుపులు మొదలయ్యాయి. గోల్ ముందు నిలబడ్డం తొండి అంట. జడ్జిగా ఉన్న సారు మమ్మల్ని పక్కకి పిలిచారు.

"ఏంటమ్మా ఆ ఆట? చీఫ్ గెస్ట్ గారు వస్తున్నారు. గోల్స్ పడాలి, చూడ్డానికి బాగుండాలి కదా" అన్నారు.

"గోల్ ముందు నిలబడకూడదని రూల్ ఉందాండీ?" అనడిగాను.

"రూల్ లేదు. కానీ స్పోర్టివ్‌గా లేదు."

"కబడ్డీలో పట్టుకోవడం స్పోర్టివ్ కాదాండీ మరి?"

సారు నా స్నేహితురాలి చేతిలో బూజు కర్ర వైపు చూశారు. "ఫైనల్లో అది వాడొద్దు. బయటినుంచి కర్రతో సాయం చేసినట్టవుద్ది. చేత్తో పట్టుకోవాలి, వాళ్లు పట్టుకుంటున్నారుగా" అన్నారు. తాటిచెట్టుకీ తనకీ ఒకటే న్యాయమన్నమాట. పొట్టిగా పుట్టడం మా తప్పు.

ఫైనల్ మొదలవగానే మెకానికల్ వాళ్ల రోబో తిరిగేలోపు నేను బంతిని పక్కనుంచి తోసి గోల్‌లో వేశాను. ఆ తర్వాత వెనక్కొచ్చి అడ్డం నిలబడ్డాను. వాళ్లు నెట్టారు. చక్రాలు గాల్లో తిరిగాయి. మళ్లీ నెట్టారు. మళ్లీ అంతే. రేకు చప్పుడుకి హాలు హోరెత్తింది. నా స్నేహితురాలు మునివేళ్ల మీద నిలబడి, చెయ్యి ఎంత సాగుతుందో అంతా సాచి వైరు పట్టుకుంది. అయినా మధ్యలో అది నేలమీదికి జారుతూనే ఉంది.

అప్పుడు వాళ్లు బంతిని వదిలేశారు. రోబోని తిప్పి సరాసరి మా వైరు మీదికి ఎక్కించారు. పొరపాటున అనుకోవడానికి లేదు, బంతి ఇంకో మూల పడి ఉంది. వైరు చక్రానికి చుట్టుకుంది. వాళ్లు వెనక్కి లాగారు. సబ్బుపెట్టె నా చేతిలో ఉండగానే వైరు పుటుక్కున తెగింది.

"సార్, కావాలని తొక్కారండీ" అన్నాను.

"రోబోని డ్యామేజ్ చెయ్యకూడదని ఉందమ్మా. వైరు రోబో కాదుగా" అన్నారు సారు.

సరే. వైరు రోబో కాదు. ఒళ్లు మండిపోతున్నా ఊరుకున్నాను, ఎందుకంటే మేమింకా గెలుస్తూనే ఉన్నాం. మా రోబో చచ్చిపోయినా, చచ్చింది గోల్ సందులో అడ్డంగా. వాళ్లు బంతి తెచ్చి కొడుతున్నారు, అది మా నూనె డబ్బా రేకుకి తగిలి వెనక్కొస్తోంది. నెడుతున్నారు, ట్రాక్టర్ ట్యూబు కదలనివ్వట్లేదు. నా స్నేహితురాలు గోడ గడియారం వైపు చూస్తోంది. ఇంకాసేపట్లో టైమ్ అయిపోతుంది. తన మొహంలో హైదరాబాద్ కనపడింది నాకు.

సారు విజిల్ వేశారు. మైదానంలోకి దిగారు. వంగి, మా రోబోని రెండు చేతులతో ఎత్తి, గోడ పక్కన పెట్టారు.

"పనిచెయ్యని రోబో గ్రౌండ్లో ఉండకూడదు. అడ్డం" అని మళ్లీ విజిల్ వేశారు.

ఖాళీ గోల్‌లోకి వాళ్లు బంతి తోశారు, మళ్లీ తెచ్చి ఇంకోసారి తోశారు. చీఫ్ గెస్ట్ గారు చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరిచాను. నా స్నేహితురాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వద్దులే. ఇంక అడిగి ఏం చేస్తావ్" అంది. అందుకే ఆగాను, లేకపోతే ఆ రోజు కాలేజీలోంచి పంపించేసినా సరే ఆగేదాన్ని కాదు.

సాయంత్రం బహుమతులప్పుడు స్టేజి మీదికి మమ్మల్ని కూడా పిలిచారు. ఓడిపోయినా గొడవ చెయ్యకుండా బుద్ధిగా ఉన్నందుకు మాకు ఫెయిర్ ప్లే బహుమతి. పొద్దున తొండి ఆట అన్న సారే మైకులో చెప్పారు. సర్టిఫికెట్లు చెరొకటి చేతిలో పెట్టి, ఫొటో కోసం నవ్వమన్నారు. మేం నవ్వలేదు.

జగ్గయ్యపేట బస్టాండులో దిగాక, వత్సవాయి బస్సు ఎక్కేముందు తను సర్టిఫికెట్ తీసి నాకిచ్చింది.

"ఇది చూపిస్తే ఇంట్లో గెలిచామనుకుంటారు. గెలిస్తే మరి హైదరాబాద్ ఎప్పుడు తీసుకెళ్తారని అడుగుద్ది మా అమ్మ. నీ దగ్గరే ఉంచు" అంది.

మెకానికల్ వాళ్లు హైదరాబాద్ వెళ్లారు, మొదటి ఆటలోనే ఓడి వచ్చారు. అవతలి జట్టు గోల్‌కి అడ్డం నిలబడిందంట. తొండి ఆడారని క్యాంటీన్లో ఒకటే గోల. నాకు నవ్వు కూడా రాలేదు.

ఈలోపు మా నాన్న నా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి కిరాణా కొట్లో, గల్లాపెట్టె వెనక గోడకి తగిలించాడు. పప్పులకొచ్చినవాళ్లకీ నూనెకొచ్చినవాళ్లకీ "మా అమ్మాయి బుద్ధిగా ఉందని కాలేజీలో ఇచ్చారండి" అని చెప్పేవాడు. కొన్నాళ్లు పళ్లు బిగబట్టాను. ఒకరోజు కొట్టు నిండా బేరం ఉండగా స్టూలెక్కి దాన్ని తీసేశాను.

"ఎందుకమ్మా? మంచిదానివని ఇచ్చిందేగా" అన్నాడు నాన్న.

"మమ్మల్ని ఎత్తి గోడపక్కన పెడితే కిక్కురుమననందుకు ఇచ్చారు నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు. ఆ మేకుకి క్యాలెండర్ తగిలించుకున్నాడు.

నా సర్టిఫికెట్ ఆ రోజే చించేశాను. తనది చించలేదు, అది నాది కాదు కదా. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తను వత్సవాయిలోనే బడిపిల్లలకి కంప్యూటర్లు నేర్పుతోంది. ఎప్పుడు కలిసినా గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఆ సర్టిఫికెట్ మాత్రం తను ఇంతవరకూ అడగలేదు.