ఉప్పునీళ్ళ గాజుపెట్టె

చీరాల నుంచి నరసరావుపేట వచ్చే బస్సులో నీళ్ళకు లగేజీ టిక్కెట్టు తీసుకున్న మనిషిని బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. గడ్డి కూరిన వెదురుబుట్టల్లో రెండు పెద్ద గాజుజాడీలు పెట్టుకుని కూర్చున్నాను. కండక్టరు వంగి చూశాడు.

"ఏందమ్మా ఇందులో?"

"నీళ్ళు."

"నరసరావుపేటలో నీళ్ళు లేవా?"

"సముద్రం నీళ్ళు లేవు."

నేను ఎగతాళి చేస్తున్నాననుకుని అతను మొహం ముడుచుకుని టిక్కెట్టు చించాడు. వెనక సీటులో ముసలమ్మ మాత్రం నా మాట నమ్మింది. "సముద్రం నీళ్ళా తల్లీ? కార్తీకమాసం గదా, కాసిని నా నెత్తిన జల్లు. పుణ్యముంటది" అంది. నేను ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషిని. అయినా మూత తీసి, చెయ్యి ముంచి, ఆమె తల మీద జల్లాను. ఇక చుట్టూ చేతులు చాపారు. చిలకలూరిపేట వచ్చేసరికి ఒక జాడీ సగానికి దిగింది. కండక్టరు కూడా ఆఖర్న తల వంచాడు. టిక్కెట్టు డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.

అప్పుడు నేను నరసరావుపేటలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. పెళ్ళి కాలేదు. అమ్మా నేనూ రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. అంతకు ముందు ఏడాది పిల్లల్ని తీసుకుని చీరాల దగ్గర వాడరేవుకు విహారయాత్రకు వెళ్ళాం. జాలరి ఒకతను వల దులిపి, పనికొచ్చే చేపలు ఏరుకుని, మిగిలిన చెత్తను కాలితో పక్కకు నెట్టాడు. ఆ చెత్తలో ఒక శంఖం నడుస్తోంది. లోపల పీత కాపురముంది. శంఖం మీద బురదముద్దల్లాంటివి రెండు అతుక్కుని ఉన్నాయి. ఇసుకగుంటలో నిలిచిన నీళ్ళలోకి దిగగానే ఆ ముద్దలు మెల్లగా విచ్చుకున్నాయి. లేత గోధుమరంగు రేకులు, చివర్లు ఊదా. పువ్వులు కావు, ప్రాణులు; పుస్తకాల్లో సీ అనిమోన్ అంటారు. ఆ ప్రాణిని నేను ఏళ్ళ తరబడి బోర్డు మీద సుద్దముక్కతో గీసి, భాగాలు గుర్తించమని పరీక్షలో ఇచ్చాను. ఒక్కసారైనా చూసి ఎరగను. పిల్లలు బస్సెక్కుతున్నారు, పిలుస్తున్నారు. నేను ఆ గుంట దగ్గర్నుంచి లేవలేకపోయాను.

ఆ రోజే అనుకున్నాను, దీన్ని మా ఇంట్లో చూడాలని.

ఇనపచట్రం కమ్మరి చేశాడు. అద్దాలు పటాలు కట్టే కొట్టులో కోయించాను. మొదటిసారి పుట్టీ పెడితే నీళ్ళు కారి అమ్మ నులకమంచం కింద మడుగు కట్టింది. రెండోసారి తారు కాచి పోశాం. మొదట తెచ్చిన నీళ్ళు కిరసనాయిలు డబ్బాలో తెచ్చాను. ఎంత తోమినా ఆ వాసన పోలేదు, పీత వారం కూడా బతకలేదు. అందుకే ఆ తర్వాత గాజుజాడీలు కొన్నాను. గాలి పంపే యంత్రాలు మద్రాసులో దొరుకుతాయని విన్నాను, అది నా తాహతుకు మించిన మాట. పాత లారీ ట్యూబు ఒకటి సంపాదించి, దానికి సన్నని రబ్బరుగొట్టం బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టేదాన్ని. గొట్టానికి బిగించిన క్లిప్పును కొంచెం వదులు చేస్తే నీళ్ళలో బుడగలు సన్నగా లేచేవి. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని సాయంత్రం వసారాలో పంపు కొడుతుంటే ప్రహరీ మీద నుంచి తలలు కనపడేవి. చూడనీ అనుకుని కొట్టేదాన్ని.

నాదెండ్ల దగ్గర మా పల్లెలో అన్నయ్య సేద్యం చేసేవాడు. ఒకసారి కందులు ఇచ్చిపోదామని వచ్చాడు.

"అమ్మాయ్, ఈ ఏడు గాజులు చేయించుకుంటానన్నావుగా, ఏవీ?"

"గాజే చేయించాను. అదుగో" అన్నాను పెట్టెను చూపిస్తూ.

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి వెళ్ళిపోయింది. అన్నయ్య నవ్వలేదు. పెట్టె చుట్టూ తిరిగాడు. ఎంతైందని అడిగాడు. దాచకుండా చెప్పాను. అద్దాలు, చట్రం, జాడీలు, నెలకు రెండు ప్రయాణాలు, అన్నీ కలిపితే ఒక జత గాజులు తేలిగ్గా వచ్చేవి. అతని మొహం ఎర్రబడింది.

"నీకు మతిబోయిందే. ఇది చూస్తే వచ్చే సంబంధం గూడా నిలబడదు."

"పీతను చూసి పారిపోయేవాణ్ణి నేను మాత్రం ఏం చేసుకోను?"

"డబ్బు నీళ్ళలో పోస్తన్నావని ఊళ్ళో చెప్పుకుంటే నా తల ఎక్కడ పెట్టుకోను?"

అన్నయ్యకు బండలాగే పందెపు ఎడ్లుండేవి. వాటిని ఏనాడూ నాగలికి కట్టలేదు. మా వదిన పిల్లలకు పెట్టాల్సిన గుడ్లు కూడా వాటికే పోయేవి.

"నీ ఎడ్లు దున్నుతున్నాయా అన్నా?"

"అయ్యి పరువు నిలబెడతయ్. నీ పీత ఏం నిలబెడుద్ది?"

"నన్ను" అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక నాకే కొంచెం ఆశ్చర్యంగా అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. జీతం నాది, చెమట నాది. అమ్మకు మందులకూ ఇంటద్దెకూ ఏనాడూ లోటు చెయ్యలేదు. మగవాడు ఎడ్లు పెంచితే పరువు, ఆడది పీతను పెంచితే పిచ్చి! అన్నయ్య భోజనం చెయ్యకుండానే బస్సుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాత్రం, "దానికి రొయ్యముక్క పెట్టావా?" అని తనే అడిగింది.

తర్వాత వచ్చిన ఎండాకాలం మా వీధి బావి అడుగంటింది. మునిసిపాలిటీ నీళ్ళబండి వచ్చి ఇంటింటికీ కొలిచి బిందెలు పోసేది. సముద్రం నీళ్ళను ఎండ తాగేస్తుంటే మిగిలిన ఉప్పు చిక్కబడుతుంది, అందుకని పెట్టెలో రోజూ కాస్త మంచినీళ్ళు కలపాలి. వేడి తగ్గడానికి చుట్టూ గోనెసంచులు కట్టి తడపాలి. మా వంతు బిందెల్లోంచే తడిపేదాన్ని.

పక్కింటి పిన్ని కిటికీలోంచి చూసింది. ఆమె మాకు చుట్టం కాదు, వీధి వరసకు పిన్ని. పొద్దున్నే నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఖాళీ బిందెలతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"పంతులమ్మా, మేం గుక్కెడు నీళ్ళకు చస్తంటే నువ్వు పెట్టెడు నీళ్ళు దాచుకుంటావా?"

నేను పెట్టెలో గ్లాసు ముంచి ఇచ్చాను. గటగటా నోట్లో పోసుకుంది. మరుక్షణం అరుగు దిగి ఉమ్మేసింది.

"థూ! ఇయ్యేం నీళ్ళే తల్లీ!"

మిగతావాళ్ళు పకపకా నవ్వారు. పిన్ని మూతి తుడుచుకుని నిలదొక్కుకుంది. తెలివైన మనిషి.

"సరే, మరి ఆ గోనెల మీద పోసేయి? అయ్యి గూడా ఉప్పేనా?"

నవ్వులు ఆగిపోయాయి.

"అవి మంచినీళ్ళే పిన్నీ. నా వంతు. నేను స్నానం మానేసి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటున్నాను. మీ వంతులో చుక్క ముట్టుకోలేదు."

"మనుషులకే లేకపోతే పీతలకా?"

"మీ గేదెకు పొయ్యట్లేదా?"

"గేదె పాలిస్తది!"

"వట్టిపోయి ఏడాదైంది. పొయ్యడం మానేశావా?"

"నోరు లేని గొడ్డు, ఎట్టా మానేస్తా?" అని గొణిగి, పిన్ని బిందె చంకనెత్తుకుంది. "నీ నోటికో దండం" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత నీళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. మిగతావాళ్ళు కొందరు నాతో పలకరింపు మానేశారు. అదీ ఒక ఖర్చే. భరించాను. అమ్మ మాత్రం ముఖం కడిగిన నీళ్ళు బేసిన్లో పట్టి, "ఇయ్యి గూడా గోనెల మీద పొయ్యవే" అని ఇచ్చేది.

రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. గాజుపెట్టె ఏ పాటిది? గోనెలు తడిపిన గంటకే ఎండిపోయేవి. ఒక మధ్యాహ్నం పీత శంఖం వదిలి బయటికి వచ్చి ఇసుక మీద పడి ఉంది. దాని ఒళ్ళు అంత మెత్తగా ఉంటుందని అప్పుడే చూశాను. పువ్వులు రెండూ ముడుచుకుని, మర్నాటికి కరిగి నీళ్ళను తెల్లగా చేశాయి. వీధంతా కంపు. నేను ఏడ్చాను. పీతల కోసం ఏడ్చే పంతులమ్మను చూడటానికి వచ్చినవాళ్ళ ముందే ఏడ్చాను.

"ఇప్పటికైనా మానుకుంటావా?" అంది పిన్ని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని.

"వానలు పడనీ" అన్నాను.

ఆ నీళ్ళు మొక్కలు లేని చోట గొయ్యి తీసి పోశాను. పెట్టెను ఇసుకతో తోమి ఎండబెట్టాను. తొలకరి పడి ఎండ చల్లబడగానే జాడీలు పట్టుకుని చీరాల బస్సెక్కాను. అలా చచ్చినవి చావగా, మళ్ళీ తెచ్చుకుంటూ కొన్నేళ్ళు గడిపాను. ఏ ఎండాకాలం ఎన్ని నీళ్ళు మార్చాలో, పెట్టె ఏ గోడ నీడన పెట్టాలో పోగొట్టుకుంటూనే నేర్చుకున్నాను. ఒక వేసవి అన్నీ బతికి గట్టెక్కాయి. ఆ ఏడు నాకు జీతం పెరిగినంత సంతోషమైంది.

తర్వాత నన్ను మాచర్లకు బదిలీ చేశారు. ఇక పీడ వదిలిందని అన్నయ్య సంబరపడ్డాడు. ఎటు చూసినా నాపరాళ్ళు, సముద్రం పేరు పాటల్లో తప్ప వినపడని ఊరు. నేను పెట్టెకు గోనెలు చుట్టి రైల్లో వేసుకుని తీసుకెళ్ళాను. మొదటి సెలవులకే వాడరేవు వెళ్ళాను. బస్సూ రైలూ మారి తిరిగొచ్చేసరికి ఒంట్లో ఎముకలన్నీ వేరుపడ్డట్టుంది. కాళ్ళయినా కడుక్కోకుండా పెట్టె నింపి, ఇసుక పరిచి, శంఖాన్ని దించి, ముందు పీట వేసుకుని కూర్చున్నాను. పీత కదల్లేదు. దాని మీది ముద్ద కూడా ఇంకా విచ్చుకోకుండా అలాగే ఉంది.

"అన్నం చల్లారిపోతందే" అని లోపల్నుంచి అమ్మ కేకేసింది.

"చల్లారనీ" అన్నాను.