నాయిన నోరు విప్పిన ఆదివారం

పోయిన ఆదివారం మా గుడికి బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. వాక్యం చెప్పడం అయిపోయాక, "దేవునికి హృదయం తెరిచినవాళ్లంతా చేతులెత్తండి" అన్నాడు. గుడి నిండా చేతులు లేచాయి. నేనొక్కదాన్నే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న మనవరాలు బిత్తరపోయి, "అమ్మమ్మా, అందరు జూస్తున్రు, ఎత్తరాదు" అని మోచేత్తో పొడిచింది. ఇంటికొచ్చేదాకా మూతి ముడుచుకునే ఉంది. తొంభైకి దగ్గరపడ్డ ముసలిది, పుట్టుకతోనే క్రైస్తవురాలు, ఒక్క చెయ్యి ఎత్తలేకపోయిందేమని దాని బాధ. దానికేం చెప్పను? హృదయం తెరవడం అన్న మాట వింటే నాకు చిన్ననాటి ఒక ఆదివారం గుర్తొస్తుంది. ఆ రోజు తగిలిన దెబ్బ నుంచి నేనింకా పూర్తిగా తేరుకోలేదు.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. కిరసనాయిలు దొరకదు, గుడ్డకు కరువు. మా నాయిన సిద్దిపేటలో మిషను బడి పంతులు, గుడిలో ఉపదేశి. వేరే తాలూకా నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లయింది. ఆయనకు ఒకే ఒక నల్లకోటు ఉండేది. నడి ఎండాకాలంలో కూడా దాన్ని విప్పేవాడు కాదు. అమ్మ దాన్ని ఉతకడానికి అడిగితే, ఏదో చర్మం ఒలిచి ఇమ్మన్నట్టు చూసేవాడు. ఇంట్లో కూడా పుస్తకాల తెలుగే మాట్లాడేవాడు. "ఉప్పు తక్కువగా ఉన్నది" అనేవాడు తప్ప "ఉప్పు లేదేంది" అని ఏనాడూ అనలేదు. ఆయన గొంతెత్తి వాక్యం చదువుతుంటే దారిన పోయే బండివాళ్లు ఎడ్లను ఆపి వినేవారు. ఆ కోటు, ఆ గొంతు, బైబిల్లోంచి పెట్టిన ఆ పేరు చూసి బజారులో సావుకార్లు సైతం "పంతులుగారూ" అని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేవారు. తనకు తల్లీ తండ్రీ లేరని, మిషను హాస్టల్లో పెరిగానని మాతో చెప్పాడు. అమ్మకు తెలిసిందీ అంతే. "నాకు దేవుడే తండ్రి, సంఘమే తల్లి" అని ఆయన ప్రసంగంలో అన్నప్పుడల్లా అమ్మ కొంగుతో కళ్లొత్తుకునేది.

ఒక శుక్రవారం బడిని చూడటానికి మిషను దొరసాని వచ్చింది. బడి మా ఇంటి వసారాలోనే. ఇద్దరు సావుకార్లు కూడా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నాయిన పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాడు. అంతలో ఒక ముసలామె, అతుకుల చీర, చంకలో గుడ్డ మూట, నేరుగా వసారా మెట్ల దగ్గరికి వచ్చి, నాయినను ఎగాదిగా చూసి, "బిడ్డా" అంది. ఆ ఒక్క మాటే. నాయిన ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. దొరసాని ఎవరని అడిగింది. నాయిన అమ్మ వైపు తిరిగి, "ఎవరో మతిస్థిమితం లేని స్త్రీ. పెరట్లో ఏమైనా పెట్టి పంపించు" అన్నాడు.

ఆమె పెరట్లో కూర్చుని అమ్మ పెట్టిన జొన్నగట్క, పచ్చిపులుసు తింది. చేతుల మీద నీళ్లు పోయడానికి చెంబుతో నేను నిలబడ్డాను. నా పేరు అడిగింది. చెప్తే పలకబోయి, "నోరు తిరుగుతలేదు బిడ్డా" అని నవ్వింది. తర్వాత మెల్లగా, "చలికాలం మీ నాయినకు దగ్గొస్తదా ఇంకా?" అంది. వస్తుందన్నాను. ఈ పిచ్చామెకు మా నాయిన దగ్గు సంగతి ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. మూట విప్పి కొత్త చెప్పుల జత తీసింది. "మీ నాయినకియ్యి. కాలు కొలత తెల్వది, అందాదతోని కుట్టిపిచ్చిన" అని నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. సాయంత్రం అవి ఇస్తే నాయిన తీసుకుని అటక మీద పడేశాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఆదివారం గుడిలో ప్రభు భోజనం. నెలకొకసారి వచ్చే అయ్యగారు రొట్టె పంచుతుంటే, నాయిన పళ్లెం పట్టుకుని పక్కన నడుస్తున్నాడు. మగవాళ్లయ్యాక ఆడవాళ్లు వరుసగా వెళ్లి మోకరించారు. వాళ్ల చివర, చెప్పులు విడిచే చోటి నుంచి లేచొచ్చి ఆ ముసలామె కూడా మోకరించి రెండు చేతులూ చాపింది. సంఘపెద్ద గబగబా వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఓ అవ్వా, లెవ్వు. నీకు బాప్తిస్మం అయిందా? ఎవల తాలూకు నువ్వు?"

ఆమె తలెత్తి రెప్పపాటు కాలం నాయిన ముఖంలోకి చూసింది. మళ్లీ తల దించుకుంది. "ఎవలదాన్ని గాను బిడ్డా. అందరు చేతులు జాపిన్రని నేను జాపిన. పోత తియ్యి" అని, మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

నాయిన చేతిలో పళ్లెం జారి బండల మీద పడింది. రొట్టె ముక్కలు చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరడానికి ఎవరూ వంగలేదు. అప్పుడు నాయిన నోట, నేను అంతకుముందు ఏనాడూ వినని గొంతు వచ్చింది. పుస్తకాల తెలుగు ఏమైపోయిందో.

"అవ్వా, పోకు" అన్నాడు. "గీమె మా అవ్వ. నన్ను గన్నది. మాది కుకునూరుపల్లి, చెప్పులు కుట్టే ఇల్లు. కరువుల నేను సావద్దని హాస్టల్ల ఏసింది. సదువు రాంగనే నేను ఇంటి మొఖం జూసుడు బంజేసిన. మొన్న దొరసాని ముంగట పిచ్చిదన్న. దేవునికి గుండె తెరువున్రి అని మీకందరికి చెప్పిన. నేను మాత్రం తెరువలే. ఆయన లోపలికొస్తె అవ్వ గూడ కనవడ్తదని భయపడ్డ."

అని ఆమె కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాయిన ఏడవగలడని నాకు తెలియదు, అబద్ధం చెప్పగలడని అసలే తెలియదు. నాయనమ్మ ఆయన తల నిమురుతూ, "ఊకో. అందరు జూస్తున్రు" అంది. నేను అమ్మ కోసం చూశాను. అమ్మ కూర్చున్న చోటు ఖాళీ. ఒంటరిగా ఇంటికి వెళ్లిపోయింది.

మేం వెళ్లేసరికి పొయ్యి మీద వేడినీళ్లు మరుగుతున్నాయి. అమ్మ తన అత్త కాళ్లు కడిగింది. నాయినతో మాత్రం, "పన్నెండేండ్లు నీతోని సంసారం జేసిన. నాకు గూడ చెప్పకపోతివి" అని, తర్వాత నెల రోజులు మాట్లాడలేదు. సావుకార్లు తమ పిల్లలను బడి మాన్పించారు. అరుగు మీద పిలుపులు ఆగిపోయాయి. సంఘం నాయినను ఆరు నెలలు ప్రసంగపీఠం ఎక్కొద్దంది. సంఘంలో సగంమంది మా నాయనమ్మ లాంటి అవ్వల కడుపున పుట్టినవాళ్లే. ఎక్కువ కోపం వచ్చింది వాళ్లకే, ఎవరి అవ్వలు వాళ్లకు గుర్తొచ్చారు కాబోలు. ఆ ఆరు నెలలూ నాయిన గుడిలో వెనక చాప మీద తల్లి పక్కన కూర్చున్నాడు. కోటు వేసుకోవడం మానేశాడు. అటక మీది చెప్పులు దింపి తొడుక్కున్నాడు. అవి వేలెడు పెద్దవి, నడిస్తే టపటపమనేవి.

అయ్యగారు నాయనమ్మను బాప్తిస్మం తీసుకుంటావా అని అడిగితే, "నా కొడుకు గిప్పుడే గదా కిరస్తానీ అయింది! వాడు నిలవడ్డంక జూస్త" అంది. అయ్యగారు నవ్వలేక, నవ్వకుండా ఉండలేక గొంతు సవరించుకున్నాడు. రెండేళ్లు గడిచాక ఒక ఉదయం తనే వెళ్లి, "వాడు నిలవడ్డడు. ఇగ నాకు నీళ్లు పొయ్యున్రి" అని చెప్పింది. నిజాం మీద పోలీసు చర్య జరిగిన యేడు, చలి మొదలయ్యే రోజుల్లో, నాయిన ఒళ్లో తల పెట్టుకుని పోయింది.

ఆమె మాతో ఉన్నది నాలుగేళ్లే. ఆ తర్వాత నాయిన ముప్పై ఏళ్లు బతికాడు, నేను ఇన్నేళ్లు బతికాను. అయినా వెనక్కి తిరిగి చూస్తే అన్నిటికన్నా పొడుగ్గా కనిపించేవి ఆ నాలుగేళ్లే.