బార్బొరా ఓటు

బతుకంతా బొహీమియా నేత మిల్లులో నిలబడి బార్బొరా నడుము ఒకపక్కకు ఒరిగిపోయింది. ఎవరేమడిగినా ముందు చేతులు తుడుచుకుని, ఆ తర్వాతే జవాబు చెప్పేది. పార్లమెంటు ఎన్నికలొస్తే అన్ని పార్టీల అభ్యర్థుల జాబితాలూ ఇంటికే వచ్చేవి. నచ్చినదొకటి కవరులో పెట్టి ఓటు పెట్టెలో వేసి, మిగిలినవి రొట్టెల పళ్లేల కింద పరిచేది. భర్త పోయాక పెద్దకొడుకు హీనెక్ ఎర్రజెండా పట్టాడు. చిన్నవాడు విలేమ్ ఆ జెండాను తగలబెట్టేవాళ్లతో చేరాడు. ఒకే బల్ల దగ్గర తింటూ కూడా అన్నదమ్ములు ఏడాదిగా మాట్లాడుకోవడం లేదు. ఎన్నికల ఆదివారం పొద్దున ఇద్దరూ చెరో జాబితా తల్లి చేతిలో పెట్టారు. ఓటు వేసేచోట తెర వెనక ఆవిడ చాలాసేపు నిలబడింది.

మధ్యాహ్నం బంగాళాదుంపల పులుసు వడ్డిస్తుంటే, "మాకే వేశావు కదమ్మా?" అన్నాడు హీనెక్.

"అమ్మా, ఆ రష్యావాళ్ల కాగితం పొయ్యిలో పడేశానని చెప్పు," అన్నాడు విలేమ్, అన్న వైపు చూడకుండానే.

బార్బొరా చేతులు తుడుచుకుంది. "రెండూ ఒకే కవరులో పెట్టానురా. అక్కడైనా ఇద్దరూ ఒక్కచోట ఉంటారని."

"రెండు పెడితే ఓటే చెల్లదు! ముసలిదానికి మతి పోయింది," అని అరిచాడు విలేమ్.

హీనెక్ తలెత్తి తమ్ముడి కళ్లలోకి చూశాడు. "అవునురా, పోయింది," అన్నాడు. ఏడాదిలో అన్నదమ్ముల మధ్య నడిచిన మాట అదొక్కటే.