ఒక దొప్పా, మూడు దొప్పలా

మొన్న మనవరాలితో కిరండోలు రైల్లో అరకు వెళ్లాను. కొండల్లోకి ఈ రైలు దారి ఈమధ్యే వేశారు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకునేది, భయం నాకే అనుకుందో ఏమో. స్టేషన్లో ఒకావిడ ఉడికించిన చిలగడదుంపలు అడ్డాకు దొప్పలో పెట్టి ఇచ్చింది. నీకు వేరే దొప్ప తీసుకోనా అమ్మమ్మా అని పిల్ల అడిగితే, ఒకటి చాలన్నాను. అన్నాక నవ్వొచ్చింది. ఈ దొప్పల లెక్క మీదే నలభై ఏళ్ల కిందట ఈ కొండల్లో పెద్ద వాదం నడిచింది.

అప్పటికి నేను కాపురానికొచ్చి ఏడాది. మావారికి అడవిశాఖలో గుమాస్తా పని. మామగారు మాతోనే ఉండేవారు. విజయనగరంలో తర్కం చదువుకున్న అరవై ఏళ్ల మనిషి, కొండ మీద వాదించేవాళ్లు దొరక్క ఆయనకు తిన్నది అరిగేది కాదు. పరాయి చేతి మంచినీళ్లు కూడా ముట్టని ఆచారం ఆయనది. నేనైతే ఆయన ఎదట నోరు విప్పి ఎరగను. అలాంటి ఇంటికి ఆ వానాకాలం ఒక ఉపదేశి వచ్చాడు. కొండ ఊళ్లలో క్రైస్తవం బోధించడం ఆయన పని. మామగారికి ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద చాప వేయించి, ఆ సంబరంలో కులం అడగడం కూడా మరిచిపోయారు.

తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, అయినా దేవుడు ఒక్కడే అంటాడు ఉపదేశి. ముగ్గుర్ని లెక్కపెట్టి ఒకటనడం ఏ శాస్త్రమని మామగారు. నీళ్లే ఆవిరవుతాయి, నీళ్లే వడగళ్లవుతాయి కదా అన్నాడు ఉపదేశి. ఒక చెంబు నీళ్లు ఒకేసారి మూడూ కాలేవు, మీ పుస్తకంలో కొడుకు నదిలో ఉండగానే తండ్రి ఆకాశం నుంచి పలికాడు కదా అని మామగారు పట్టుకున్నారు. ఓడించడానికని ఆ పుస్తకం రెండుసార్లు చదివారు మరి. ఉపదేశి నిజాయితీపరుడు, ఆ పోలిక తప్పేనని ఒప్పుకున్నాడు. దేనిలో ఒకటో దానిలోనే మూడంటే విరుద్ధం, మేమలా అనం, తత్త్వం ఒకటి, వ్యక్తులు ముగ్గురు అన్నాడు. దానికి మామగారు, "విరుద్ధం లేదని ఒప్పుకుంటాను. అర్థమైందని మాత్రం ఒప్పుకోను" అన్నారు.

ఇదంతా మాకు కట్టెలు తెచ్చే అవ్వ వింటూ ఉండేది. ఆ ఏడే ఆవిడ ఉపదేశి మాట విని ఆ మతంలో కలిసింది. కొండ మీద కొత్త పంట దేవుడికి పెట్టందే ఎవరూ నోట పెట్టరు. ఊళ్లోవాళ్లు తమ అమ్మవారికి పెట్టుకుని కొత్త సామలు వండుకుంటున్నారు. అవ్వకొచ్చింది చిక్కు. "ఎన్ని దొప్పలెట్టాల బాబూ? ఒకటెడితే ఇద్దరు పస్తుంటారు, మూడెడితే ముగ్గురు దేవుళ్లయిపోతారు కదా" అంది. పెద్దలిద్దరూ ఉలిక్కిపడి, తేల్చి చెబుతామన్నారు. తేల్చడం మొదలుపెట్టారు కూడా. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. అవ్వ ఇంట్లో పాత గింజలు అయిపోయాయి, మామిడి టెంకల అంబలితో నెట్టుకొస్తోంది. నేను అన్నం పెడితే, నీ అన్నమూ కొత్తదే కదమ్మా అని దండం పెట్టి వెళ్లిపోయింది. ఐదో రోజు మా వాకిట్లో కట్టెలమోపుతో సహా కూలబడింది.

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు చాటు నుంచి బయటికొచ్చి, "మీకు వాదం తీపిగానే ఉంది మామగారూ. ఆవిడ కడుపు మాడుతోంది" అన్నాను. ఏడాదిలో ఆయనతో నేనన్న మొదటి మాట అదే. ఆయన కండువా తీసుకుని లేచారు.

అవ్వను నడిపించుకుని మామగారూ, ఉపదేశీ, నేనూ ఆవిడ గుడిసెకు వెళ్లాం. మన దేవుడికి నైవేద్యం అక్కర్లేదు, తినేయమని ఉపదేశి బతిమాలాడు.

"ఆయనకక్కర్లేదు బాబూ, నాకు కావాల" అంది అవ్వ. మళ్లీ తనే, "ఆ ముగ్గురూ ఎప్పుడైనా పేచీ పడ్డారేటి?" అని అడిగింది.

ఎన్నడూ లేదన్నాడు ఉపదేశి.

"మా ముసలోడూ కొడుకూ పేచీ పడ్డ ఏడు రెండు దొప్పల్లో ఎట్టినాను. కలిసున్నప్పుడు ఒకదాన్లోనే తిన్నారు. అయితే ఒకటి సాలు."

నేను పొయ్యి రాజేశాను. అన్నం ఉడికాక ఒక్క దొప్పలో పెట్టి, అవ్వ కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. తరవాత ఆ దొప్పలోంచే ఉపదేశికీ నాకూ తలో ముద్ద పెట్టింది. మామగారి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన ఆచారం కొండంతా ఎరుగును.

"ఇది రుజువు కాదు సుమా" అన్నారు మామగారు ఉపదేశి వైపు తిరిగి. అని, చెయ్యి చాచారు. అవ్వ పెట్టిన ముద్ద తిని, దొప్ప ఆవిడ చేతిలోకే నెట్టి, ఇంక నువ్వు తిను అన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, పొగ మీదికి నెట్టేశాను.

వాదం తెల్లారే మళ్లీ మొదలైంది. ఉపదేశికి బదిలీ అయ్యేదాకా సాగింది, తేలలేదు. ఆ తరవాత అవ్వ మా వంటింట్లోనే తినేది. ముగ్గురూ ఒకటెలా అవుతారో తెలుసుకోవడానికి మామగారికి బతికినన్నాళ్లూ చాల్లేదు. ఆ చెయ్యి చాచడానికి మాత్రం అరవై ఏళ్లూ, ఒక్క క్షణమూ పట్టింది.